ఇంటి నుండే ఉన్నత విద్య: ఫైనాన్స్ పట్టాకు మన చేతికందే దారి ఏది?

మన తాతముత్తాతలు ఈ మలేషియా గడ్డ మీద అడుగుపెట్టిననాడు వారి బ్రతుకు లెక్క అంతా ఒక పుస్తకంలో ఉండేది. దానిని చెక్‌రోల్ అనేవారు. ఎవరు పనికి వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరికి ఎంత కూలి, ఎంత బాకీ అన్నదంతా అందులోనే వ్రాసి ఉండేది. వ్రాసేవాడు తోట కిరాణీ, వేలిముద్ర వేసేవాడు మనవాడు. పుస్తకంలో ఏమున్నదో చదువుకోగల శక్తి లేక, చెప్పినంత తీసుకొని, చూపిన చోట వేలు పెట్టి వచ్చేవారు. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుండి కొందరు ఒప్పంద కూలీలుగా, మరికొందరు కంగాణీల వెంట వచ్చిన ఆ తరం వారికి లెక్క అంటే భయం. ఒప్పంద కూలి పద్ధతి ఈ దేశంలో 1910లో రద్దయినది. ఆ భయం మాత్రం మరి రెండు తరాలు మన ఇండ్లలోనే ఉండిపోయినది.

ఈనాడు ఆ కుటుంబాల బిడ్డలే బ్యాంకుల్లోనూ, తోటల కంపెనీల కార్యాలయాల్లోనూ, ప్రభుత్వ శాఖల్లోనూ లెక్కలు వ్రాస్తున్నారు. ఇది సంతోషించదగిన విషయం. అయితే చాలామంది ఒక మెట్టు దగ్గర ఆగిపోతున్నారు. డిప్లొమాతోనో, మొదటి డిగ్రీతోనో ఉద్యోగంలో చేరి, పదేళ్ళు పనిచేసిన తరువాత, తమ పై అధికారి పదవికి మాస్టర్స్ పట్టా కావాలని తెలుసుకుంటున్నారు. అప్పటికి పెండ్లి, పిల్లలు, ఇంటి అప్పు అన్నీ నెత్తిమీద ఉంటాయి. ఉద్యోగం మానుకొని కాలేజీకి పోయే వీలు లేదు. అటువంటి వారికి ఆన్‌లైన్ చదువు ఒక మంచి దారి. కాని దారి మంచిదైనా గోతులు లేకపోలేదు.

మా మేనకోడలి సంగతి చెబుతాను. ఆమె ఒక కంపెనీలో అకౌంట్స్ గుమాస్తా. పత్రికలో ప్రకటన చూసి, ఎవరినీ అడగకుండా, 8,000 రింగిట్లు కట్టి ఒక ఆన్‌లైన్ మాస్టర్స్‌లో చేరినది. రాత్రి పిల్లలు నిద్రపోయిన తరువాత కూర్చుని ఏడాదిన్నర చదివి పట్టా తెచ్చుకున్నది. దానిని కార్యాలయంలో చూపిస్తే, "ఇది ఈ దేశపు గుర్తింపు పొందిన చదువు కాదమ్మా" అని తిరిగి ఇచ్చివేశారు. డబ్బు పోయినందుకు ఆమె అంతగా బాధపడలేదు. "మామయ్యా, ఆ రాత్రులు నాకెవరు తిరిగి ఇస్తారు?" అన్నది. ఆ మాటే ఈ వ్యాసం వ్రాయడానికి కారణం.

మొదట చూడవలసినది గుర్తింపు

మలేషియాలో ఉన్నత విద్యకు ముద్ర వేసే సంస్థ మలేషియన్ క్వాలిఫికేషన్స్ ఏజెన్సీ. దీనినే ఎం.క్యూ.ఏ. అంటున్నాము. ఇది 2007లో ఏర్పడినది. అంతకుముందు ప్రయివేటు కాలేజీల చదువులను పరిశీలించే పని లెంబాగా అక్రెదితాసి నెగారా చేసేది. ఎం.క్యూ.ఏ. ఒక రిజిస్టరును అందరికీ కనిపించేలా ఉంచుతున్నది. మీరు చేరదలచిన చదువు పేరు, విశ్వవిద్యాలయం పేరు ఆ రిజిస్టరులో ఉన్నాయో లేదో చూడడానికి ఒక్క పైసా ఖర్చు లేదు, పది నిమిషాలు చాలును.

అందులో మూడు విషయాలు జాగ్రత్తగా చూడాలి. విశ్వవిద్యాలయానికి మంచి పేరున్నంత మాత్రాన అక్కడి ప్రతి చదువుకూ గుర్తింపు ఉన్నట్లు కాదు. గుర్తింపు ఒక్కొక్క చదువుకు విడివిడిగా ఇస్తారు. కనుక చదువు పేరును అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. ఇది మొదటిది. గుర్తింపులో తాత్కాలికమనీ, పూర్తి అనీ రెండు రకాలున్నాయి. కొత్తగా పెట్టిన చదువుకు మొదట తాత్కాలిక గుర్తింపు వస్తుంది. విద్యార్థులు చివరి దశకు వచ్చినప్పుడు మరల పరిశీలించి పూర్తి గుర్తింపు ఇస్తారు. తాత్కాలిక గుర్తింపు ఉన్నదాంట్లో చేరడం తప్పు కాదు గాని, పూర్తి గుర్తింపు ఎప్పటికి రాగలదని అడిగి తెలుసుకోవడం మన హక్కు. ఇది రెండవది. అదే చదువు తరగతి గదిలో చెప్పడానికి అనుమతి ఉండి, దూర విద్యగా చెప్పడానికి లేకపోవచ్చు. మీరు చేరబోయే పద్ధతికి అనుమతి ఉన్నదో లేదో చూసుకోవాలి. ఇది మూడవది.

ఎవరైనా మీ అనుభవం చూసి పరీక్ష లేకుండా, పాఠం లేకుండా మూడు నెలల్లో మాస్టర్స్ ఇస్తామంటే అక్కడినుండి లేచి వచ్చేయండి. అనుభవానికి విలువ కట్టే సక్రమమైన పద్ధతి ఒకటి ఈ దేశంలో ఉన్నది. దానిని ఆపెల్ అంటారు. మొదటి డిగ్రీ లేకపోయినా, 30 ఏండ్లు నిండి, ఎస్.టీ.పీ.ఎం. గాని డిప్లొమా గాని అందుకు సమానమైనది గాని ఉండి, ఆ రంగంలో పనిచేసిన అనుభవం ఉన్నవారు ఆపెల్ పరీక్ష నెగ్గి మాస్టర్స్‌లో ప్రవేశం పొందవచ్చును. అయితే ఇది తలుపు తెరవడానికి మాత్రమే. లోపలికి పోయిన తరువాత అందరితో సమానంగా చదవవలసిందే. డిగ్రీ లేదని నిరాశపడిన మన తోటల బిడ్డలు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

ఏ పట్టా దేనికి పనికివస్తుంది?

ఫైనాన్స్ అనే ఒక్క మాట క్రింద నాలుగైదు రకాల చదువులున్నాయి. పేర్లు దగ్గర దగ్గరగా ఉండడం వల్ల మనవారు తికమకపడుతున్నారు.

ఫైనాన్స్ ప్రధానాంశంగా ఉన్న ఎం.బీ.ఏ. అన్నది నిర్వహణ చదువు. మనుషులను నడిపించడం, వ్యాపారం సాగించడం, వాటితోపాటు ధన వ్యవహారం నేర్పుతారు. కార్యాలయంలో మేనేజరు పదవి కోరేవారికి ఇది తగినది. మాస్టర్ ఆఫ్ ఫైనాన్స్ అన్నది అంతకంటే లోతైనది. షేర్లు, బాండ్లు, నష్టభయం లెక్కించడం, కంపెనీ విలువ కట్టడం ఇందులో ముఖ్యం. దీనికి గణాంక శాస్త్రం బాగా రావాలి. ఇస్లామిక్ ఫైనాన్స్ అన్నది ఈ దేశంలో పెద్ద శాఖ. ఇక్కడ మొదటి ఇస్లామిక్ బ్యాంకు 1983లో ప్రారంభమైనది. ఈ విద్య కోసమే బ్యాంక్ నెగారా 2005లో ఇన్సీఫ్ అనే విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పినది. ఈ చదువు ముస్లిములకే పరిమితం కాదు. బ్యాంకుల్లో పనిచేసే మనవారు దీనిని కూడ ఆలోచించవచ్చును.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. 1967 నాటి అకౌంటెంట్ల చట్టం ప్రకారం, మలేషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అకౌంటెంట్స్‌లో సభ్యులైనవారే ఈ దేశంలో అకౌంటెంటుగా తమను చెప్పుకోవాలి. ఫైనాన్స్‌లో మాస్టర్స్ చేసినంత మాత్రాన ఆ సభ్యత్వం రాదు. మీ కోరిక అకౌంటెంటు కావడమే అయితే, ఏ.సీ.సీ.ఏ. వంటి వృత్తి పరీక్షలు దానికి సరియైన దారి. పెట్టుబడుల రంగంలో పేరు తెచ్చుకోవాలనుకుంటే సీ.ఎఫ్.ఏ. అనే మూడు మెట్ల పరీక్షలున్నాయి. ఇవి డిగ్రీలు కావు, కాని కొన్ని ఉద్యోగాల్లో వీటికే విలువ ఎక్కువ. కనుక ముందు మీకు కావలసిన పదవి ప్రకటనలు ఒక పది సేకరించి, వాటిలో ఏ అర్హత అడుగుతున్నారో వ్రాసుకోండి. చదువును పదవి నుండి వెనక్కు లెక్కించుకొని ఎన్నుకోవాలి.

చవక అంటే ఏమిటి?

ప్రకటనలో కనిపించే ఫీజు అసలు ఖర్చు కాదు. దరఖాస్తు రుసుము, రిజిస్ట్రేషన్, ప్రతి సెమిస్టరుకు వేసే ఇతర రుసుములు, పరీక్ష రుసుము, తప్పిన సబ్జెక్టు మరల చదవడానికి రుసుము, ప్రాజెక్టు ఆలస్యమైతే గడువు పొడిగింపు రుసుము, పట్టా ప్రదానోత్సవ రుసుము అన్నీ కలిపి చూడాలి. ఈ జాబితా పట్టుకొని విశ్వవిద్యాలయానికి వెళ్ళి, "మొదటి రోజు నుండి పట్టా చేతికి వచ్చేవరకు మొత్తం ఎంత?" అని అడగండి. జవాబు కాగితం మీద వ్రాసి ఇమ్మనండి. మన పెద్దలు అడగలేకపోయిన ప్రశ్న అదే.

ఉదాహరణకు మొత్తం ఖర్చు 24,000 రింగిట్లు అనుకుందాము. పట్టా వల్ల నెలకు 300 రింగిట్లు జీతం పెరుగుతుందనుకుందాము. అందులో ఈ.పి.ఎఫ్.కు 11 శాతం పోగా, ఆదాయపు పన్ను లెక్కించకముందే, చేతికి వచ్చేది 267 రింగిట్లు. ఈ లెక్కన పెట్టిన డబ్బు తిరిగి రావడానికి 90 నెలలు, అనగా ఏడున్నర ఏండ్లు పడుతుంది. 30 ఏండ్ల వారికి ఇది లాభసాటి బేరమే. 52 ఏండ్ల వారికి కాకపోవచ్చును. జ్ఞానం కోసం చదివితే ఏ వయస్సులోనైనా మంచిదే. కాని జీతం కోసం చదివేవారు ఈ లెక్క వేయకుండా సంతకం పెట్టకూడదు.

పన్నులో వచ్చే తగ్గింపు

మలేషియాలో ప్రభుత్వ గుర్తింపు పొందిన విద్యాసంస్థలో మాస్టర్స్ చదివేవారికి, ఏ శాస్త్రమైనా సరే, ఏడాదికి 7,000 రింగిట్ల వరకు కట్టిన ఫీజును ఆదాయం నుండి తీసివేసి పన్ను లెక్కిస్తారు. 7,000 తగ్గేది ఆదాయంలో గాని పన్నులో కాదు. పన్ను విధించే ఆదాయంలో 50,000 నుండి 70,000 వరకు ఉన్న భాగానికి 2023 నుండి రేటు 11 శాతం. ఆ మెట్టు మీద ఉన్నవారికి 7,000 తగ్గింపు వల్ల మిగిలేది 770 రింగిట్లు.

ఇక్కడ ఒక చిన్న ఉపాయం ఉన్నది. 24,000 రింగిట్లను రెండేళ్ళలో కడితే, ఏడాదికి 12,000 అవుతుంది గనుక మొత్తం 14,000కే తగ్గింపు దొరుకుతుంది. అదే మూడేళ్ళలో ఏడాదికి 8,000 చొప్పున కడితే 21,000కు దొరుకుతుంది. 11 శాతం మెట్టు మీద మొదటి పద్ధతిలో 1,540, రెండవ పద్ధతిలో 2,310 రింగిట్లు మిగులుతాయి. నిదానంగా చదివేవారికి నష్టం లేదన్నమాట. రసీదులు మాత్రం జాగ్రత్తగా దాచుకోవాలి. విదేశాల్లోని విశ్వవిద్యాలయానికి కట్టిన ఫీజుకు ఈ తగ్గింపు లేదు.

ఈ.పి.ఎఫ్. డబ్బు తీయవచ్చునా?

2024 మే నుండి 55 ఏండ్ల లోపు సభ్యుల ఈ.పి.ఎఫ్. చందా మూడు ఖాతాల్లో పడుతున్నది. 75 శాతం పదవీ విరమణ ఖాతాలో, 15 శాతం సెజాహ్తెరా ఖాతాలో, 10 శాతం ఫ్లెక్సిబల్ ఖాతాలో జమ అవుతుంది. చదువు కోసం సెజాహ్తెరా ఖాతా నుండి డబ్బు తీసుకోవచ్చును. అప్పు కాదు గనుక వడ్డీ లేదని చాలామంది సంతోషిస్తారు. వడ్డీ లేకపోయినా ఖరీదు ఉన్నది. ఈ.పి.ఎఫ్. మామూలు పొదుపుపై 2023కు 5.50 శాతం, 2024కు 6.30 శాతం డివిడెండు ఇచ్చినది. సగటున 5 శాతమే వస్తుందనుకున్నా, ఈనాడు తీసిన 15,000 రింగిట్లు అక్కడే ఉంటే ఇరవై ఏండ్లకు సుమారు 39,800 అయ్యేవి. వృద్ధాప్యంలో మన చేతికి రావలసిన ఆ మొత్తాన్ని చదువులో పెడుతున్నామని తెలిసి పెట్టాలి. కూడని పని అని నేను అనడం లేదు. తెలిసి చేయాలని మాత్రమే అంటున్నాను.

బ్యాంకు అప్పు సంగతి మరీ జాగ్రత్త. వ్యక్తిగత అప్పుకు "5 శాతం ఫ్లాట్ రేటు" అని చెబితే చవకగా తోస్తుంది. 20,000 రింగిట్లు అయిదేళ్ళకు ఆ రేటున తీసుకుంటే వడ్డీ 5,000, నెల వాయిదా సుమారు 417. కాని నెలనెలా అసలు తగ్గుతూ ఉన్నా, వడ్డీ మాత్రం మొదటి 20,000 మీదనే చివరిదాకా కడుతున్నాము. తగ్గుతున్న అసలు మీద లెక్క కడితే నిజమైన రేటు సుమారు 9 శాతం దాటుతుంది. ఫైనాన్స్ చదవబోయేవారికి ఇదే మొదటి పాఠం అనుకోండి. సెమిస్టరుకు సెమిస్టరు ఫీజు కట్టుకునే చోటు దొరికితే, నెల జీతంలోనుండి మిగిల్చి కట్టడమే అన్నిటికంటే మేలు. మంచమున్నంత మేర కాళ్ళు చాపుకోవాలని మన అవ్వలు ఊరికే చెప్పలేదు.

స్వదేశమా, విదేశమా?

దూర విద్య ఈ దేశానికి కొత్త కాదు. యూనివర్సిటీ సైన్స్ మలేషియా 1971లోనే పెనాంగ్ నుండి దూర విద్య ప్రారంభించినది. తరువాత 2000లో ఓపెన్ యూనివర్సిటీ మలేషియా, 2006లో వవాసన్ ఓపెన్ యూనివర్సిటీ, 2007లో ఏషియా ఈ యూనివర్సిటీ వచ్చాయి. ఉద్యోగస్తుల కోసమే పుట్టిన ఇటువంటి సంస్థలను మొదట చూడండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో కూడ ఆన్‌లైన్ పద్ధతి ఉన్నదేమో కనుక్కోండి.

విదేశీ పట్టాలలో లండన్ విశ్వవిద్యాలయం 1858 నుండి బయటి విద్యార్థులకు పరీక్షలు పెడుతున్నది. పేరు గొప్పదే. కాని ఫీజు పౌనులలో కట్టాలి. 1997కు ముందు డాలరుకు సుమారు రెండున్నర రింగిట్లు ఉండగా, 1998 నాటికి నాలుగు దాటి, ఆ సెప్టెంబరులో 3.80 వద్ద ప్రభుత్వం కట్టివేసిన సంగతి మన పెద్దలకు జ్ఞాపకమే. అప్పుడు చదువు మధ్యలో ఉన్నవారికి ఫీజు అదే అయినా భారం ఒకటిన్నర రెట్లయినది. పరాయి నాణెంలో ఫీజు కట్టేవారు ఈ ప్రమాదానికి కొంత సొమ్ము పక్కన పెట్టుకోవాలి.

భారతదేశం మీద మనకు సహజంగా మమకారం. ఆ దేశపు మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో, మన తెలుగు నేల మీదనే వెలసినది. ఈనాడు దానికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరున్నది. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు తొలి ఉపకులపతి కూడ హైదరాబాదు సంస్థను నడిపిన జి. రామ్‌రెడ్డిగారే. మనం గర్వపడవలసిన చరిత్ర ఇది. అయినా మమకారం వేరు, పట్టా వేరు. భారత యూ.జీ.సీ. ఆ చదువును ఆన్‌లైనులో చెప్పడానికి అనుమతించినదా, విదేశీయులను చేర్చుకుంటారా, పరీక్ష ఎక్కడ వ్రాయాలి, ఇక్కడి యజమాని దానిని ఒప్పుకుంటాడా అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు వచ్చిన తరువాతనే ఫీజు తక్కువా ఎక్కువా అని చూడాలి. ప్రభుత్వోద్యోగులు తమ శాఖనుండి ముందుగా వ్రాతమూలకంగా తెలుసుకోవడం మంచిది. దూరపు కొండలు నునుపుగానే కనిపిస్తాయి.

కాలం కూడ ఖర్చే

ఈ దేశపు నియమాల ప్రకారం పాఠాలతో నడిచే మాస్టర్స్‌కు కనీసం 40 క్రెడిట్లు ఉండాలి. ఒక క్రెడిట్ అంటే విద్యార్థి 40 గంటల శ్రమ. మొత్తం 1,600 గంటలు. రెండేళ్ళలో ముగించాలంటే వారానికి పదిహేను గంటల పైచిలుకు, మూడేళ్ళలో అయితే సుమారు పది గంటలు కావాలి. ఈ గంటలు ఎక్కడినుండి వస్తాయో ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ముఖ్యంగా మన ఆడబిడ్డలు చదువుతామంటే, వంటా పిల్లలూ ఆమె నెత్తినే ఉంచి "చదువుకో అమ్మా" అనడం ప్రోత్సాహం కాదు. భర్తగారో, అత్తగారో వారానికి నాలుగు సాయంత్రాలు పని అందుకోవాలి. ఈ ఒప్పందం లేని ఇంట్లో ఎంత మంచి విశ్వవిద్యాలయమైనా నిష్ప్రయోజనం.

మధ్యలో ఆపవలసి వస్తే అంతవరకు చదివినదానికి పోస్ట్ గ్రాడ్యుయేట్ డిప్లొమా ఇస్తారా, ఒక సెమిస్టరు విరామం తీసుకోవచ్చునా, అధ్యాపకుడు ప్రశ్నకు ఎన్ని రోజుల్లో జవాబిస్తాడు అన్నవి కూడ అడగండి. ఇప్పుడు చదువుతున్న విద్యార్థులు ఇద్దరితో మాట్లాడితే ప్రకటన చెప్పని సంగతులు తెలుస్తాయి. లెక్కలు మరచిపోయినవారు చేరడానికి ముందే మూడు నెలలు గణాంకాలు, కంప్యూటర్లో ఎక్సెల్ అభ్యాసం చేస్తే మొదటి సెమిస్టరులో తప్పే బాధ తప్పుతుంది.

సంఘం చేయగల సహాయం

చివరగా మన శాఖల పెద్దలకు ఒక మనవి. ఉగాదికి, దీపావళికి మనం చేసే ఖర్చులో కొద్ది భాగంతో ప్రతి శాఖలోనూ ఒక చిన్న చదువు బల్ల ఏర్పాటు చేయవచ్చును. నెలకొక ఆదివారం, ఇప్పటికే పట్టా పొందిన మనవారు ఇద్దరు కూర్చుని, చేరదలచినవారి కాగితాలు చూసి, ఎం.క్యూ.ఏ. రిజిస్టరు తీసి చూపించి, ఫీజు లెక్క వేసి పంపితే చాలును. అటువంటి బల్ల మా ఊళ్ళో ఉండి ఉంటే మా మేనకోడలి రాత్రులు వృథా అయ్యేవి కావు.

ఆమె ఇప్పుడు మరల చేరినది. ఈసారి రిజిస్టరు చూసి, మొత్తం ఫీజు కాగితం మీద వ్రాయించుకొని, సెమిస్టరు వారీగా కడుతున్నది. సంతకం పెట్టేముందు ఒప్పంద పత్రం ప్రతి పుటా చదివినది. మా తాతగారు వేలిముద్ర వేసిన చెక్‌రోల్ నుండి ఆ పత్రం వరకు మూడు తరాల దూరం ఉన్నది. పాఠకులారా, మీరూ ఏ కాగితం మీదనైనా చదివిన తరువాతే సంతకం పెట్టండి.